430 పేజీల నవల: ఎక్కడ కత్తి పెట్టాలి?

చందూరు చిన్నోడు | శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్తే. నవల చిత్తుప్రతి పూర్తయింది. అంటే కథ చివరిదాకా వచ్చింది, అంతే. వర్డ్‌లో ఏ4 సైజులో 430 పేజీలు తేలింది. ఒక ప్రచురణకర్త దగ్గరికి తీసుకెళ్తే ఫైలు తెరవకుండానే, కింద పేజీల అంకె చూసి "సగానికి తగ్గించుకొని రండి" అన్నారు. కోపం వచ్చింది కానీ, ఆయన చెప్పింది తప్పని కూడా అనలేకపోతున్నాను.

కథ రెండు ముక్కల్లో చెప్తాను. మర్రిగూడ వైపు ఒక ఊరు, పేరు మార్చాను. నర్సమ్మ 1974లో ఆ ఊరికి కోడలిగా వస్తుంది. అక్కడి ఫ్లోరైడ్ నీళ్ళు తాగి తాగి అత్త నడుం వంగిపోయి ఉంటుంది. తర్వాత మొగుడి మోకాళ్ళు పట్టేస్తాయి, కొడుకు పళ్ళు గారపడతాయి. ఊరి పేరు వింటేనే పిల్లనియ్యడానికి ఎవరూ ముందుకు రారు. కొడుకు బోరు బండి మీద పనికి పోతాడు. మనవరాలు పెద్దయ్యేసరికి నల్లాలో కృష్ణా నీళ్ళు వస్తాయి. అక్కడ ఆపాను.

చిక్కేమిటంటే, మొదటి అధ్యాయం 38 పేజీలు, మొత్తం ఊరి చరిత్రే. నిజాం కాలం, సాయుధ పోరాటం, 1948 పోలీసు చర్య, 1955లో సాగర్‌కు శంకుస్థాపన, 1967లో కాలువలకు నీళ్ళు వదలడం, ఆ కాలువలు మా ఎత్తు ఊళ్ళకు ఎక్కకపోవడం. నర్సమ్మ 41వ పేజీలో ఊళ్ళో అడుగు పెడుతుంది. తొమ్మిదో అధ్యాయంలో ఫ్లోరైడ్ తీసేసే పద్ధతుల గురించి చాలా ఉంది. పద్నాలుగోది 1996 ఎన్నికలు, అది 30 పేజీలు. మధ్యలో ఎల్లమ్మ అవ్వ, అంటే నర్సమ్మ అత్త, రజాకార్ల రోజులు చెప్పుకొచ్చే ఘట్టం ఒక్కటే 14 పేజీలు.

ఇవన్నీ నిజాలు. పెద్దమనుషుల దగ్గర కూర్చుని, కాగితాలు వెతికి రాసుకున్నవి. ఏది ముట్టుకున్నా చెయ్యి ఆడడం లేదు. దేన్ని తియ్యాలి, దేన్ని ఉంచాలి అన్నది మీరైతే ఎట్లా తేలుస్తారు?

డీటీపీ కార్నర్ | శనివారం, రాత్రి 10:05

అన్నా, సాహిత్యం సంగతి మిగతావాళ్ళు చెప్తారు. నేను లెక్క చెప్తా. 430 అన్నది ఏ4 అంకె, పుస్తకం అంకె కాదు. డెమ్మీ 1/8 అంటే అయిదున్నర బై ఎనిమిదిన్నర అంగుళాలు. మామూలు అక్షరం సైజులో నీ ఏ4 పేజీ ఒకటి డెమ్మీలో రెండుకు కొంచెం తక్కువగా వస్తుంది. అంటే నీ నవల ఏడొందలు దాటుతుంది. ఫారానికి 16 పేజీలు, నలభై నాలుగైదు ఫారాలు. అంత లావు పుస్తకానికి ఉత్త గమ్ బైండింగ్ చేస్తే నాలుగుసార్లు తెరిచేసరికి పేజీలు చేతికొస్తాయి, కుట్టు బైండింగ్ కావాలి. ధర ఎంత పెడతావు, ఎవరు కొంటారు?

ముందు వర్డ్‌లో పేజీ సైజు డెమ్మీకి మార్చుకో. అప్పుడు ఎంత తగ్గించావో కంటికి తెలుస్తుంది. మాటల లెక్క పెట్టుకోకు. తెలుగులో నాలుగు మాటలు కలిసి ఒకటైపోతాయి, ఇంగ్లీషు వాళ్ళ 80 వేల పదాల లెక్కలు మనకు పనికిరావు.

పాలమూరు పద్మ | శనివారం, రాత్రి 11:20

చందూరు తమ్ముడూ, ప్రచురణకర్త ఖర్చు కోసం తగ్గించమంటాడు, కథ తన కోసం తగ్గించమంటుంది. ఈ రెండూ వేరు. అమెరికా రచయిత స్టీఫెన్ కింగ్ నవల 'ద స్టాండ్' 1978లో అచ్చయినప్పుడు ధర గిట్టుబాటు కావాలని చిత్తుప్రతిలో దాదాపు నాలుగు వందల పేజీలు తీసేశారు. 1990లో వాటిలో చాలా భాగం తిరిగి చేర్చి వేశారు. ఆయనే తర్వాత, రెండో ప్రతి అంటే మొదటి ప్రతిలో పది శాతం తీసెయ్యడం అని కూడా రాశాడు. కాబట్టి "సగం" అన్న మాట పట్టుకొని ఇప్పుడే కత్తి తియ్యకు. ముందు కథకు ఏది బరువో చూడు. మిగిలింది లావుగా ఉంటే రెండు భాగాలు వేసుకోవచ్చు.

నేనైతే ఇట్లా చేస్తాను. ఒక నోటుబుక్కు తీసుకొని ప్రతి అధ్యాయానికి ఒక్క వాక్యం రాసుకుంటాను: ఈ అధ్యాయం మొదట్లో ఈ మనిషి ఎట్లా ఉంది, చివర్లో ఎట్లా ఉంది. రాయడానికి ఏమీ దొరకకపోతే అది అధ్యాయం కాదు, నేను పోగేసుకున్న సమాచారం.

వలస లేబర్ మీద నేను రాసిన నవలలో, పాలమూరు మనుషులు దేశంలో ఏయే ఆనకట్టల మీద పనిచేశారో చెప్పే అధ్యాయం ఉండేది. చదివిన వాళ్ళందరూ "ఎంత కష్టపడి సేకరించావమ్మా" అన్నారు. కథ గురించి ఒక్కరూ మాట్లాడలేదు. అది మొత్తం తీసేసి గుంపు మేస్త్రీ దగ్గరుండే అడ్వాన్సు పుస్తకం ఒక్కటి ఉంచాను. పండక్కి అడ్వాన్సు తీసుకున్నవాడి పేరు, పక్కన వేలిముద్ర, దాని కింద చచ్చిపోయిన వాడి అప్పు తమ్ముడి పేరు మీదికి మార్చిన గీత. ఆ అధ్యాయంలో చెప్పాలనుకున్నదంతా ఆ పేజీలోనే ఉంది.

నీ తొమ్మిదో అధ్యాయంలో ఒక ముక్క ఇక్కడ పెట్టు, చూద్దాం.

బత్తాయి తోట | ఆదివారం, ఉదయం 7:15

నేను రాసేదాన్ని కాదు, చదివేదాన్ని. నల్లగొండ–హైదరాబాద్ బస్సులో నవలలు చదువుతాను. నేను పేజీలు దాటేసేది ఎక్కడో చెప్తాను, పనికొస్తే తీసుకోండి.

సంవత్సరాలు వరసగా వస్తే దాటేస్తాను. బతుకమ్మ ఘట్టంలో పాట మొత్తం అచ్చువేస్తే రెండు చరణాలు చదివి దాటేస్తాను, ఆ పాట నాకు వచ్చు కదా. మనిషి లోపలికి రాగానే జుట్టు, ముక్కు, చీర రంగు చెప్తే దాటేస్తాను. కల అని తెలిసిన వెంటనే దాటేస్తాను. సంబంధం మాట్లాడే ఘట్టం మాత్రం ఎంత పొడుగున్నా ఒక్క ముక్క వదలను. ఎవరు ఎక్కడ కూర్చున్నారు, ముందు ఎవరు నోరు తెరిచారు, చాయ్ తాగారా లేదా, అన్నీ కావాలి.

చందూరు చిన్నోడు | ఆదివారం, ఉదయం 10:30

బత్తాయి తోట గారూ, సంబంధం ఘట్టం నా దాంట్లో పేజీన్నరే ఉంది! పోలీసు చర్యకేమో తొమ్మిది పేజీలు.

పద్మక్కా, తొమ్మిదో అధ్యాయంలోంచి ఇది:

*"1970వ దశకంలో నాగపూర్‌లోని నీరి సంస్థ శాస్త్రవేత్తలు తాగునీటి నుండి ఫ్లోరైడ్‌ను తొలగించడానికి ఒక చవకైన పద్ధతిని రూపొందించడం జరిగింది. దీనికి నల్లగొండ పద్ధతి అని పేరు పెట్టడం జరిగింది. ఇందులో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ తగు పాళ్ళలో నీటిలో కలిపి, తిప్పి, తేర్చి, వడగడతారు. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించరాదు అనే విషయం ఊళ్ళో చాలామందికి తెలియదు. నర్సమ్మ బకెట్లో పటిక, సున్నం వేసి కట్టెతో తిప్పింది. గంటసేపు కదిలించవద్దని చెప్పి ఆఫీసరు వెళ్ళిపోయాడు. తన జీవితం కూడా ఈ నీళ్ళలాగే ఎప్పటికి తేటపడుతుందో అని ఆమె మనసులో అనుకున్నది. ఏదో తెలియని బాధ ఆమె గుండెను పిండేసింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి."*

రెండు పేజీల తర్వాత అవ్వ వచ్చి ఆ నీళ్ళు తాగుతుంది.

పాలమూరు పద్మ | ఆదివారం, మధ్యాహ్నం 12:10

రెండు పేజీల తర్వాత ఉన్న అవ్వను ఇక్కడికి లాక్కొచ్చాను. నీ వాక్యాలే, కొత్తగా ఏమీ రాయలేదు. పైనున్న మొదటి నాలుగు వాక్యాలు, కింది మూడు వాక్యాలు తీసేశాను:

*"నర్సమ్మ బకెట్లో పటిక, సున్నం వేసి కట్టెతో తిప్పింది. గంటసేపు కదిలించవద్దని చెప్పి ఆఫీసరు వెళ్ళిపోయాడు. అవ్వ అంతసేపు ఆగలేదు. చెంబు ముంచుకొని తాగింది. 'వగరున్నయే పిల్లా. గీటికి మన బాయి నీళ్ళే నయం' అన్నది."*

ఇప్పుడు చూడు. పద్ధతి ఏమిటో తెలిసింది, ఎందుకు నిలవలేదో కూడా తెలిసింది. గంటసేపు ఎవరాగుతారు, రోజూ పటిక ఎవరు తెస్తారు, అడుగున పేరుకున్న మడ్డి ఎక్కడ పారబోస్తారు? ఇవన్నీ అవ్వ మూతి విరుపులో ఉన్నాయి. నీరి పేరు, మిల్లీగ్రాములు లేకపోయినా కథకు లోటు లేదు. నర్సమ్మకు ఆ అంకె తెలియదు కదా, మనం నిలబడి చూస్తున్నది ఆవిడ వాకిట్లో కదా.

ఇక ఆ "జీవితం తేటపడటం" ఉంది చూశావూ, అది మాత్రం మారు మాట్లాడకుండా తీసెయ్. నీళ్ళను నీళ్ళుగా ఉండనివ్వు.

దేవరకొండ మాస్టారు | ఆదివారం, సాయంత్రం 5:45

పద్మ గారు చేసిన సవరణ బాగుంది. నేను వాక్యాల దగ్గర ఆగుతాను, ముప్పై ఏళ్ళు పిల్లల వ్యాసాలు దిద్దిన అలవాటు.

నాయనా, నువ్వు పెట్టిన ముక్కలోనే "జరిగింది" రెండుసార్లు ఉంది. "రూపొందించడం జరిగింది" అంటే రూపొందించారు అనే కదా? ఇది ప్రభుత్వ ప్రకటనల భాష, మనందరికీ అంటుకుంది. ఫైండ్‌లో "జరిగింది" అని కొట్టు, ఎన్ని వస్తాయో చూడు. తర్వాత "అనే విషయం". "చాలామందికి తెలియదు" అంటే సరిపోయేచోట "అనే విషయం చాలామందికి తెలియదు" అని రాస్తాం. తర్వాత "యొక్క". తర్వాత "ఏదో తెలియని". తెలియని బాధ, తెలియని భయం, తెలియని ఆనందం. పాత్రకు తెలియకపోవచ్చు, రాసేవాడికి తెలియాలి. "మనసులో అనుకున్నది" కూడా ఉంది, మనసులో కాక మరెక్కడ అనుకుంటారు? ఇవి దులిపితేనే నీ పుస్తకం ఒకటి రెండు ఫారాలు తగ్గుతుంది, కథ మీద గీత కూడా పడదు.

ఇంకో అనుమానం. మొదటి సగం ఏదో యాప్‌లో వారం వారం పెట్టానని మునుపు ఇక్కడే అన్నావు. అట్లా అయితే ప్రతి భాగం మొదట్లో కిందటి వారం కథ రెండు పేరాల్లో చెప్పి ఉంటావు, చివర్లో "తలుపు తీసి చూసేసరికి..." అని ఆపి ఉంటావు. వారం ఆగి చదివేవాడికి అవి కావాలి. పుస్తకం చదివేవాడు ఆ సంగతి కిందటి పేజీలోనే చదివాడు. అన్నీ ఏరిపారెయ్యి.

చందూరు చిన్నోడు | ఆదివారం, సాయంత్రం 6:20

సారూ, "జరిగింది" 212 చోట్ల ఉంది. మూడు నాలుగు చోట్ల తప్ప మిగతావన్నీ అనవసరమే. వారం వారం తోకలు కూడా అట్లాగే ఉన్నాయి.

సోమశిల | ఆదివారం, రాత్రి 9:50

అందరూ ఒకే గాలిలో పోతున్నారు కాబట్టి నేను ఎదురు మాట్లాడతాను.

శ్రీశైలం ప్రాజెక్టు కింద కృష్ణ ఒడ్డున ఎన్ని ఊళ్ళు మునిగాయో పాలమూరు మనుషులకు చెప్పక్కర్లేదు. గుడులను రాయి రాయి విప్పి తెచ్చి మళ్ళీ కట్టారు. కూడలి సంగమేశ్వరుడు ఆలంపురం వచ్చాడు, సోమశిల గుడులు ఒడ్డు మీదికొచ్చాయి. ఇళ్ళను ఎవరు విప్పి తెచ్చారు? మా నాయన నోట్లో చేనుకొక పేరుండేది. ఊటచెల్క, గుండ్లచేను, పెద్దమడి, దయ్యాలకుంట కింద. ఇప్పుడు అవి ఏ పటంలోనూ లేవు. నేను రాసేదాంట్లో ఆ పేర్లు మూడు పేజీలున్నాయి. కథను ముందుకు నడపవు. మీ లెక్కన అవి కొవ్వు. నా లెక్కన నేను రాయడానికి కూర్చున్నదే వాటి కోసం.

చందూరు తమ్మీ, నీ ఊరి చరిత్ర కూడా అంతే. "కథకు అవసరమా" అన్న ఒక్క ప్రశ్నతో అన్నిటినీ కొలిస్తే చివరికి అందరి నవలలూ ఒకే ఒడ్డూ పొడుగూ అవుతాయి.

కత్తెర పట్టినవాడి రుచి కూడా చూడాలి. అమెరికాలో రేమండ్ కార్వర్ అని కథకుడు. 1981లో వచ్చిన ఆయన సంపుటిని ఎడిటర్ గోర్డన్ లిష్ దాదాపు సగానికి కోసేశాడు. అచ్చు ఆపమని కార్వర్ బతిమాలుతూ ఉత్తరం రాశాడు, అయినా ఆగలేదు. ఆయన పోయిన ఎన్నో ఏళ్ళకు, 2009లో, కోతకు ముందున్న ప్రతి విడిగా అచ్చయింది. చదివినవాళ్ళలో ఇదే బాగుందన్న వాళ్ళూ ఉన్నారు.

పాలమూరు పద్మ | ఆదివారం, రాత్రి 10:30

సోమశిల అన్నా, కార్వర్‌కు పేరు తెచ్చింది ఆ కోసిన ప్రతేనని కూడా చెప్పు మరి. 😀

కానీ నీ చేన్ల పేర్ల మీద నాకు తగాదా లేదు. అవి నీ నాయన నోట్లోంచి వస్తున్నాయి కదా? నీళ్ళు ఎక్కుతుంటే ఒడ్డున నిలబడి ఏ చేను మునిగిందో పేరు పెట్టి చెప్తున్నాడనుకో, మూడు పేజీలేం, పది పేజీలైనా చదువుతా. అదే పేర్లు అధ్యాయం మొదట్లో పట్టికలా ఉంటే చదవను. చందూరు తమ్ముడి మొదటి అధ్యాయం ఎవరి నోట్లోంచీ రావడం లేదు. 1955లో నెహ్రూ సాగర్ దగ్గర రాయి వేస్తుంటే ఈ ఊరి మనిషి ఎవరైనా చూసి వచ్చారా? కూలికి పోయారా? ఎవరూ లేకపోతే ఆ రాయి ఈ నవలలో ఎందుకు?

సోమశిల | ఆదివారం, రాత్రి 10:41

అన్నిటికీ ఒక మనిషి నోరు వెతకాలంటే అది కూడా ఒక మూసే పద్మా. చరిత్ర తనంతట తాను మాట్లాడే నవలలు లేవా?

పాలమూరు పద్మ | ఆదివారం, రాత్రి 10:44

ఉన్నాయి. అవి మొదటి పేజీ నుంచీ అదే గొంతుతో నడుస్తాయి. ఇతనిది 41వ పేజీలో గొంతు మార్చుకుంటోంది.

బత్తాయి తోట | సోమవారం, ఉదయం 7:30

నాకు ఒక సందేహం. 1996 ఎన్నికల అధ్యాయం అన్నారు కదా, అది నల్లగొండ పార్లమెంటుకు 480 మంది నామినేషన్ వేసి నిలబడ్డ సంగతేనా? బ్యాలెట్ పేపరు పుస్తకంలా అచ్చువేయాల్సి వచ్చిందని మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. దాన్ని తీసెయ్యకండి దయచేసి.

చందూరు చిన్నోడు | సోమవారం, ఉదయం 8:10

అదేనండీ. నీళ్ళ గోస ఢిల్లీకి వినపడాలని వేశారు. నా నవలలో నర్సమ్మ మొగుడు కూడా ఒక నామినేషన్ వేస్తాడు. కానీ 30 పేజీల్లో అతను ఉన్నది ఆరు పేజీలే. మిగతాదంతా ఉద్యమం ఎట్లా మొదలైంది, పత్రికలు ఏం రాశాయి, తర్వాత డిపాజిట్టు 500 నుంచి పది వేలకు ఎట్లా పెంచారు... ఈ లెక్కన 24 పేజీలు తీసెయ్యాల్నా?

పాలమూరు పద్మ | సోమవారం, ఉదయం 9:00

ఆ 500 ఎక్కడి నుంచి తెచ్చాడు?

చందూరు చిన్నోడు | సోమవారం, ఉదయం 9:04

మేకను అమ్ముతాడు. ఒక్క వాక్యంలో ఉంది.

పాలమూరు పద్మ | సోమవారం, ఉదయం 9:20

తమ్ముడూ!! ఆ ఒక్క వాక్యమే మీ అధ్యాయం. మోకాళ్ళు వంగని మనిషి మేకను అంగడికి ఎట్లా తోలుకుపోయాడు, ఎంతకు బేరం కుదిరింది, నర్సమ్మ ఏమన్నది, "గెలుస్తవా ఏమన్ననా" అన్నదా, నామినేషన్ కాగితం మీద పేరు ఎవరు రాసిపెట్టారు. ఇవి రాయి. తీసెయ్యమంటే అచ్చంగా తగ్గించమని కాదు. ఒకచోట 24 పేజీలు పోతే ఇంకోచోట ఎనిమిది పెరుగుతాయి. పది వేల డిపాజిట్టు సంగతి మాత్రం ఉంచు, అయితే చివర్లో కొడుకు నోట ఒక్క మాటగా రావాలి: ఇప్పుడు నిలబడాలంటే మంద మొత్తం అమ్మాలె అని.

480 అన్న అంకె కూడా ఉండాలి. నీరి అంకె వద్దన్నదాన్ని దీన్ని ఎందుకు ఉంచమంటున్నానంటే, ఓటెయ్యడానికి పోయిన నర్సమ్మ ఆ లావు బ్యాలెట్‌లో మొగుడి గుర్తు వెతుక్కోవాలి. ఆ అంకె ఆవిడ చేతిలో ఉంది.

దేవరకొండ మాస్టారు | సోమవారం, మధ్యాహ్నం 3:15

కత్తిరించేటప్పుడు కాలం తప్పులు కూడా దొరుకుతాయి, చూసుకో. గత నెల నువ్వు పంపిన రెండో అధ్యాయంలో, 1978లో నర్సమ్మ మొగుడు "ఎమ్మార్వో ఆఫీసు"కు పోతాడు. మండలాలు వచ్చింది 1985లో. అప్పటికి తాలూకా, తహసీల్దారు. పటేలు పట్వారీలు 1984లో పోయారు, కాబట్టి 1978లో పట్వారీ ఇంకా ఊళ్ళో తిరుగుతూనే ఉండాలి, నీ అధ్యాయంలో ఆయన జాడే లేదు. చివరి అధ్యాయాల్లో కూడా 2016 అక్టోబరు తర్వాత మన జిల్లా మూడు ముక్కలైందని గుర్తుంచుకో. దాన్ని వివరిస్తూ పేరా మాత్రం రాయకు. బస్సు బోర్డు మీద "యాదాద్రి భువనగిరి జిల్లా" అని కనపడితే చాలు.

ఇక ఎల్లమ్మ అవ్వ 14 పేజీలు. అది ఎక్కడ వస్తుంది, ఎవరికి చెప్తోంది?

చందూరు చిన్నోడు | సోమవారం, సాయంత్రం 6:50

1986 ఎండాకాలం సారూ. వాకిట్లో బోరు వేస్తుంటారు, రాత్రంతా. లోపల మనవడికి అవ్వ చెప్తుంటుంది. రజాకార్లు ఊరి మీద పడ్డప్పుడు ఆడవాళ్ళంతా ఎక్కడ దాక్కున్నారు, ఏ బాయి నీళ్ళు తాగి బతికారు అని.

పాలమూరు పద్మ | సోమవారం, రాత్రి 7:30

బోరు పడుతుందా లేదా అని నేను ఉగ్గబట్టుకొని ఉంటే, 14 పేజీలు వెనక్కి తీసుకుపోతే ఎట్లా? నన్నడిగితే రెండు పేజీలు చాలు.

సోమశిల | సోమవారం, రాత్రి 8:00

నేను ఒప్పుకోను. బోరు బండి రాత్రంతా మోగుతుంటే ఇంట్లో ఎవరికి నిద్ర పడుతుంది? అప్పుడు కాక ఇంకెప్పుడు చెప్తారు కథలు? ఉగ్గబట్టుకోవడమే ఆ రాత్రి. చదివేవాడు కూడా మెలకువగా ఉండాలి. పైగా ఆ ముసలమ్మ ఏ బాయి నీళ్ళతో బతికిందో ఆ నీళ్ళే తర్వాత ఆమె నడుం వంచాయి. ఆ ముడి తీసేస్తే నవల నడుం విరిగినట్టే.

దేవరకొండ మాస్టారు | సోమవారం, రాత్రి 8:40

ఇద్దరి మాటలోనూ సత్తువ ఉంది. నాయనా, అవ్వ ఏకధాటిగా చెప్పుకుపోతోందా? బయట రాడ్డు దిగినప్పుడల్లా డ్రైవరు అడుగులు అరుస్తాడు కదా. ఆ అరుపు విన్నప్పుడల్లా అవ్వ ఆగాలి. నర్సమ్మ బయటికి పోయి చూసి రావాలి. దుమ్మే వస్తోందా, తడి మట్టి తగిలిందా? నర్సమ్మ మొహం చూశాక అవ్వ మళ్ళీ ఎక్కడ మొదలుపెడుతుందో, మధ్యలో ఏది వదిలేస్తుందో అది రాయి. అప్పుడు 14 కాస్తా ఎంతవుతుందో అంత కానీ.

డీటీపీ కార్నర్ | సోమవారం, రాత్రి 9:10

ఒక మాట. కత్తిరించే ముందు ఫైలు కాపీ పెట్టుకున్నావా అన్నా? "నవల ఫైనల్", "నవల ఫైనల్ కొత్త", "నవల అసలు ఫైనల్" అని పేర్లు పెట్టకు, మా షాపులో రోజూ చూస్తున్న కష్టం. తేదీతో పెట్టుకో. తీసేసినవన్నీ ఇంకో ఫైల్లో వేసుకో, డిలీట్ కొట్టకు. ట్రాక్ ఛేంజెస్ ఆన్ చేసి 430 పేజీలు దిద్దితే మాత్రం మధ్యలోనే కంప్యూటర్ మొరాయిస్తుంది, అధ్యాయానికి ఒక ఫైలు చేసుకో.

చందూరు చిన్నోడు | శుక్రవారం, రాత్రి 10:15

ఈ వారం ఆఫీసుకు సెలవు పెట్టి కూర్చున్నాను. మొదటి అధ్యాయం 38 నుంచి అయిదు పేజీలకు వచ్చింది. ఇప్పుడు నవల నర్సమ్మ ఎడ్లబండి దిగడంతో మొదలవుతుంది. మొదటి రోజే అత్త బిందె ఇచ్చి ఊరవతల బాయికి పంపుతుంది. పోరాటం, పోలీసు చర్య అన్నీ అవ్వ దగ్గరికే పోయాయి. ఎన్నికల అధ్యాయం 30 నుంచి 17. మేక అంగడి రాస్తుంటే చెయ్యి ఆగలేదు. సంబంధం ఘట్టం పేజీన్నర నుంచి ఏడు పేజీలైంది, బత్తాయి తోట గారి పుణ్యం. పిల్ల తరఫు వాళ్ళు చాయ్ తాగరు. ఏ నీళ్ళతో పెట్టారో అని.

బడి పంతుళ్ళు ఇద్దరుండేవారు, ఒకరే చేసేశాను. ఎవరికీ లోటు తెలియదనుకుంటా.

కానీ కొత్త తలనొప్పి. తీసేసిన మొదటి అధ్యాయంలో నర్సింహారెడ్డి అని ఒక దొర ఉండేవాడు. ఇప్పుడు 22వ అధ్యాయంలో అతని మనవడు వచ్చి "మా తాత తవ్వించిన బాయి" అంటాడు. ఆ తాత ఎవరో చదివేవాడికి తెలియదు! ఇట్లాంటివి ఎన్ని ఉన్నాయో భయమేస్తోంది. అవ్వ ఘట్టం ఇంకా ముట్టుకోలేదు.

బత్తాయి తోట | శుక్రవారం, రాత్రి 10:40

చాయ్ తాగకపోవడం! అదొక్కటి చాలు, ఆ అధ్యాయం ముందు నాకు పంపండి.

పాలమూరు పద్మ | శుక్రవారం, రాత్రి 11:05

దొర సంగతి తేలిక. ఫైండ్‌లో పేరు కొట్టి అన్నిచోట్లా చూడు. తెలియకపోయినా నష్టం లేని చోట వదిలెయ్. మనవడు "మా తాత తవ్వించిన బాయి" అంటే తాత ఎవరో మనకు అర్థమవుతూనే ఉంది, ఊళ్ళో బాయి తవ్వించగలిగినవాడు ఎవరై ఉంటాడు? కొన్నిచోట్ల కత్తిరించాకే చదివేవాడికి పని దొరుకుతుంది. అన్ని సందులూ మళ్ళీ పూడ్చబోకు, తీసిందంతా వెనక్కొస్తుంది.

ఇప్పుడు మొత్తం ఒక్కసారి ప్రింట్ తీసుకొని గట్టిగా చదువు. నాలుక తొట్రుపడ్డ చోట గీత పెట్టు. స్క్రీన్ మీద చదివితే కళ్ళు దాటేస్తాయి.

సోమశిల | శుక్రవారం, రాత్రి 11:30

అవ్వను రెండు పేజీలకు తెస్తే నేను ఆ పుస్తకం కొనను, ముందే చెప్తున్నా. పద్మ మాట విని కోసేవు. మాస్టారు చెప్పినట్టు చెయ్యి.

అట్లాగే ఆ మొదటి అధ్యాయంలో తీసేసిన 33 పేజీలు నాకు మెయిల్ చెయ్యి. నవలలోకి వద్దు, సరే. ఊరి చరిత్రగా చిన్న పుస్తకం వెయ్యొచ్చేమో చూద్దాం.

చందూరు చిన్నోడు | శుక్రవారం, రాత్రి 11:38

పంపుతా అన్నా. డీటీపీ అన్నా, రేపు పొద్దున షాపు ఎన్నింటికి తీస్తావు? ఇప్పుడు డెమ్మీలో 540 ఉంది. ఒక ప్రతి ప్రింట్ కావాలి.

డీటీపీ కార్నర్ | శనివారం, ఉదయం 6:50

తొమ్మిదిన్నరకు రా. డెమ్మీలో తీయొద్దు, ఏ4లోనే డబుల్ స్పేస్ పెట్టి ఒక పక్కే తీస్తా, ఎడమ పక్క రెండంగుళాలు ఖాళీ వదులుతా. ఎట్లాగూ ఎర్ర పెన్నుతో గీస్తావు కదా, బాండ్ పేపరు దండగ. స్పైరల్ రెండు భాగాలు చెయ్యాలి, ఒక్కదాంట్లో పట్టదు.